వాల్వు దొరగారికి ఒక విన్నపం

గౌరవనీయులైన సమ్మర్స్‌విల్ డ్యామ్ వాల్వు అధికారి గారికి,
వెస్ట్ వర్జీనియా, అమెరికా.

విషయం: గాలీ నదిలోకి మీరు నీళ్లు వదిలే తేదీలకీ, మా పంచాంగానికీ వచ్చిన తగాదా గురించి.

అయ్యా,

నార్తర్న్ వర్జీనియాలో కాపురముంటున్న నరసరావుపేట వాడిని మనవి చేసుకునేది ఏమనగా, నాకు మీ నదిలో కయాక్ వేయాలని ఉంది.

లేబర్ డే వెళ్లిన వెంటనే వచ్చే శుక్రవారం మీరు నీళ్లు వదలడం మొదలుపెడతారు. ఆరు వారాంతాలు కలిపి మామూలుగా 22 రోజులు. మిగతా రోజుల్లో నది పారినా మాకు ముందే చెప్పి పారదు. చలికాలం వరదలకి చోటు చేయడానికి మీ జలాశయాన్ని సుమారు 75 అడుగులు దించాలట. ఎలాగూ పారబోసే నీళ్లే కదా, ఆ పారబోసేదేదో మాకు సెలవున్నప్పుడు పారబోయండి అని పడవలవాళ్లు పట్టుబడితే, 1986లో మీ కాంగ్రెస్ ఏకంగా చట్టమే చేసింది. పడవ సరదా కోసం డ్యామ్ నీళ్లు వదలాలని చట్టం! మా ఊళ్లో చివరి భూములకి నీళ్లందక రైతులు కాలవగట్టు మీద ధర్నా చేయడం చూస్తూ పెరిగినవాణ్ణి. చదివినప్పుడు కాసేపు నమ్మలేదు.

ఈ సంగతి మామగారికి చెప్పాను. ఆయన ఆరు నెలల వీసా మీద మా ఇంట్లోనే ఉన్నారు. పొద్దున్నే కాఫీ కంటే ముందు ఫోన్లో నాగార్జున సాగర్ నీటిమట్టం చూసుకునే మనిషి.

"ఎన్ని క్యూసెక్కులు వదుల్తారు అల్లుడుగారూ?"

"2,800 అండీ."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మన సాగర్ కుడికాలవే పదకొండు వేలు. పిల్లకాలవలో పడవేసుకోడానికి ఐదు గంటలు కారు తోల్తారా?"

అయ్యా, ఇక్కడ మీ నది తరఫున నేనే వాదించాను. కుడికాలవ పల్నాడులో నిదానంగా, గట్ల మధ్య పోతుంది. ఈ నీళ్లు ఇరుకు లోయలో, ఇళ్లంత బండల మధ్య దూకుతాయి. ఎగువ గాలీలో ఐదో తరగతి, అంటే మహా కష్టమైన, ర్యాపిడ్లు ఐదున్నాయి. వాటిలో మొదటిదాని పేరు 'ఇన్‌సిగ్నిఫికెంట్', అంటే లెక్కలోకి రానిది అని. ఆ తర్వాత పిల్లో రాక్. నీళ్లు బండని గుద్దుకుని దిండులా ఉబ్బుతాయి కాబట్టి ఆ పేరు. చూడ్డానికి దడ పుట్టించేది ఆ దిండే గానీ, అసలు భయపడాల్సింది దిండు లేని బండకి. నీళ్లు వెనక్కి తన్నడం లేదంటే ఆ బండ అడుగు గుల్ల అన్నమాట. కింద నుంచి నీళ్లు పోతాయి, మనిషి పోలేడు. ఇది విన్నాక మామగారు కుడికాలవ ఊసెత్తలేదు.

నేనూ మరీ తెగించినవాణ్ణి కాదు. రెండు చలికాలాలు ఈతకొలనులో కయాక్‌తో సహా తలకిందులై మళ్లీ లేవడం నేర్చుకున్నాను. పదిసార్లలో ఎనిమిదిసార్లు లేస్తాను. ఆ మిగతా రెండుసార్ల కోసమే దిగువ గాలీ చాలనుకున్నాను. అదీ తక్కువదేం కాదు. పొద్దున మీరు వదిలిన నీళ్లు అక్కడికి చేరేదాకా ఆగాలి, తొందరపడి దిగితే నీళ్లకంటే ముందు మనమే వెళ్లి బండల మీద కూర్చుంటాం. రెండు కార్లు కావాలి, ఒకటి ఎక్కేచోట, ఒకటి దిగేచోట. కిందున్న కారు తాళంచెవి పైన వదిలేసిన ప్యాంటు జేబులో ఉండిపోవడం ఈ ఆటలో మొదటి పాఠం. ఆ పాఠం నాకు వేరే నది మీద అయిపోయింది.

ఇవన్నీ సర్దుకున్నాను, తేదీ ఒక్కటే కుదరడం లేదు.

మా పండుగలు తిథుల ప్రకారం వచ్చినా, అమెరికాలో దేవుళ్లు కూడా శనివారమే దిగుతారు. హాలు అద్దెకి దొరికేది ఆరోజే. మంగళవారం బతుకమ్మ శనివారానికి జరిగి హైస్కూలు జిమ్ములో ఆడుతుంది. పైగా 2024లో వినాయక చవితి తిథి ప్రకారమే శనివారం వచ్చి కూర్చుంది, సెప్టెంబర్ 7న, సరిగ్గా మీ మొదటి వారాంతం. మరుసటి వారం నిమజ్జనం, పులిహోర డ్యూటీ నాది. అక్టోబర్‌లో బతుకమ్మ, 12న దసరా, అదీ శనివారమే. మధ్యలో మిగిలినవి రెండు వారాంతాలు. రెండూ మహాలయ పక్షాల్లో పడ్డాయి.

"పెద్దల పక్షాల్లో నీళ్లలో దిగేది తర్పణాలకండీ, పల్టీలకి కాదు" అన్నారు అత్తగారు. ఆ ఏడు వెళ్లలేదు. తర్వాతి ఏడూ ఏదో ఒకటి అడ్డం పడింది.

తప్పు మీదని అనడం లేదు. వరదలాపడం మీ మొదటి పని, పేర్లు పెట్టడంలో కూడా మీ ఇబ్బందులు మీకున్నాయి. డ్యామ్‌కి దగ్గర్లోని ఊరి పేరు పెట్టడం ఆనవాయితీ అయినా, మునిగిపోయిన ఆ ఊరు 'గ్యాడ్' కావడంతో, 'గ్యాడ్ డ్యామ్' అని పైకి చదివితే తిట్టులా ఉందని, సమ్మర్స్‌విల్ పేరు పెట్టుకున్నారని చెప్తారు. 1966లో ప్రెసిడెంట్ జాన్సన్ ప్రారంభోత్సవానికి వచ్చారు. ఆయన చేత ఆ మాట అనిపించకపోవడం మంచిదైంది. అంత ముందుచూపున్న శాఖవారికి నా మనవి భారం కాదనుకుంటాను.

ఒక్క బుధవారం, అయ్యా. చవితికీ మహాలయానికీ మధ్య ఒక్క బుధవారం 2,800 వదలండి, ఆఫీసుకి జ్వరమని నేను చెప్పుకుంటాను. అది కుదరకపోతే పక్షాల్లోనే వస్తాను, అత్తగారిని మామగారు ఒప్పిస్తానన్నారు. గేట్లు ఎత్తడం చూడ్డానికి ఆయన కూడా వస్తారట. మీ డ్యామ్‌కి సాగర్‌లాగా పైన 26 గేట్లుండవని, నీళ్లు అడుగున గొట్టాల్లోంచి వస్తాయని ఆయనకింకా చెప్పలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
నరసరావుపేట అల్లుడు