పిన్ని పాత్రకు ఓ హెచ్చరిక పట్టీ ఇప్పించండి

సెన్సార్ బోర్డు వారి సముఖానికి,

బంటుమిల్లి వాస్తవ్యుడైన ఓ సినిమా పిచ్చోడు దాఖలు చేసుకుంటున్న అర్జీ ఇది. తెర మీద ఎవరైనా సిగరెట్ వెలిగిస్తే చాలు, కింద హెచ్చరిక పడుతోంది. సవతితల్లి పాలగ్లాసు పట్టుకుని మెట్లెక్కేటప్పుడు కూడా ఒకటి వేయించాలని అర్జీదారు కోరిక: 'ఇందులో పంచదార తప్ప మరేమీ కలపలేదు'.

పాత సినిమా మీద ఆయనకు కోపం లేదు. ఉంటే ఊళ్లో ఊరుకోరు కూడా. ఎన్టీఆర్‌ది నిమ్మకూరు, అక్కినేనిది గుడివాడ దగ్గరి రామాపురం. ఇద్దరూ కలిసి చేసిన 'గుండమ్మ కథ' (1962) ఈ చుట్టుపక్కల సొంతింటి సినిమా. గుండమ్మ సవతి కూతురు లక్ష్మి చేత ఇంటెడు చాకిరీ చేయిస్తుంది. లక్ష్మిగా వేసిన సావిత్రి రోటి దగ్గర పిండి రుబ్బుతుంటే, పనివాడి వేషంలో ఉన్న ఎన్టీఆర్ వచ్చి చెయ్యి కలుపుతాడు. అయినా జనం గుండమ్మగా వేసిన సూర్యకాంతాన్ని తిట్టుకుంటూనే ప్రేమించారు. సొంత కూతురు సరోజ మీద గారాబం, ఆగని నోరు, ఎవరేం చెప్పినా నమ్మేసే అమాయకత్వం... అలాంటి గుండమ్మ ప్రతి వీధిలోనూ ఉంటుంది. చివరికి తనను మించిన గయ్యాళి దుర్గమ్మ చేతిలో చిక్కితే ఆదుకునేదీ ఆ లక్ష్మే.

'అబ్బాయిగారు' (1993) నాటికి పిన్నికి ఆస్తి తప్ప వేరే ధ్యాస మిగల్లేదు. జయచిత్ర కుట్రలు, వెంకటేష్ మాతృభక్తి. అంతే.

ఇప్పటివాళ్లు విషం మానేశారు, సంతోషం. కానీ దొంగదారి పట్టారు. 'హాయ్ నాన్న' (2023)లో మహి, వాళ్ల నాన్న విరాజ్ ఉండే ఇంట్లోకి యష్న అడుగుపెడుతుంది. హమ్మయ్య, మంచి పిన్ని దొరికిందని అర్జీదారు సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. తీరా చూస్తే ఆవిడ కన్నతల్లేనట, గతం మరచిపోయిందట!

'మజిలీ' (2019) నయం. అక్కినేని మనవడు నాగచైతన్య ఒకప్పుడు ప్రేమించిన అమ్మాయి కూతురు మీరాను, భార్యగా వేసిన సమంత దగ్గరికి తీస్తుంది. అయితే ముగ్గురూ ఓ ఇంటివాళ్లయ్యేసరికి సినిమా అయిపోయింది. స్కూలు కాగితాల మీద సంతకం ఎవరిది, సంక్రాంతికి ఏ అమ్మమ్మగారింటికి వెళ్లాలి, పేరంటంలో 'నీ కడుపున పుట్టిందేనా' అని అడిగితే ఏం చెప్పాలి? ఆ కథ ఎవరూ తియ్యరు. మారుతండ్రి ఊసైతే సరేసరి.

బోర్డువారి పని కోతే గానీ రాత కాదని అర్జీదారుకు తెలుసు. 7, 13, 16 ఏళ్ల లెక్కన యూఏ సర్టిఫికెట్లు ఇస్తున్నారు కదా, పక్కనే ఇంకో ముద్ర కొట్టించండి: 'పిన్ని, పిల్లలు పక్కపక్కన కూర్చుని చూడొచ్చు'. ముద్ర ఖర్చు నిర్మాతల దగ్గరే వసూలు చేసుకోవచ్చు.

ఇట్లు,
బంటుమిల్లి ప్రేక్షకుడు