ఎగ్జిట్ 11లో పద్మిని

కార్ల రేసు చూడాలంటే టికెట్టు కొనక్కర్లేదు. సంక్రాంతికి రెండు రోజుల ముందు సాయంత్రం పెద్ద అంబర్‌పేట్ వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు విజయవాడ హైవేలో కలిసే చోట ఛాయ్ గ్లాసు పట్టుకుని నిలబడితే చాలు. 158 కిలోమీటర్ల ఔటర్ మీద ఏ మూల నుంచి బయల్దేరినా సరే, విజయవాడ వైపు పోయే కారన్నది మా 11వ నంబరు ఎగ్జిట్‌లోంచి దిగి 65వ నంబరు జాతీయ రహదారిలో పడుతుంది. అక్కణ్ణుంచి పంతంగి టోల్‌గేటు దాకా జరిగే పోటీకి జెండా ఊపేవాడు లేడు, నియమం లేదు, హెల్మెట్ అసలే లేదు. గెలిచినవాడికి దక్కేది టోల్‌గేటు క్యూలో ఒక కారు ముందు నిలబడే భాగ్యం.

ఇలాంటి ఊళ్లో ఉంటూ "నేను కార్ల రేసులో పాల్గొంటున్నాను" అంటే జనం నావంక జాలిగా చూశారు. "ఈ వయసులో ప్రాణం మీదికి ఎందుకు తెచ్చుకుంటవన్నా?" అని హితవు చెప్పిన పెద్దమనిషి, ఆ నాలుగు ముక్కలు చెప్పడానికే రాంగ్ రూట్లో స్కూటర్ మీద వచ్చాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

కారు ప్రీమియర్ పద్మిని, 1975 మోడల్. మా కారు అంటుంటాను గానీ ఆ "మా"లో నా వాటా తక్కువ. మామగారిది. ఆయన పోయాక మా ఆవిడ పేరు మీదికి మారింది. ఆమె డ్రైవింగు నేర్చుకున్నది దాని మీదే, నల్లగొండలో కాలేజీ గ్రౌండులో. పెళ్లైన కొత్తలో స్టీరింగు పక్కనుండే ఆ గేరు రాడ్డుతో నేను కుస్తీ పడుతుంటే కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వాపుకునేది. ఇప్పటికీ ఆపుకుంటూనే ఉంది.

పద్మినిని చూసి రేసు కారు అని ఎవరూ అనుకోరు. బొంబాయి నలుపు-పసుపు టాక్సీ గుర్తొస్తుంది. అక్కడ చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబర్ 29న రిజిస్టరైంది, ఇరవై ఏళ్ల గడువు తీరి 2023 అక్టోబర్ చివర్లో రోడ్డు దిగింది. కానీ దీని వంశవృక్షం తిరగేస్తే తాతలు గట్టివాళ్లే. 1953లో జెనీవా ప్రదర్శనలో ఫియట్ కంపెనీ బయటపెట్టిన 1100/103 దీనికి మూలపురుషుడు. అదే ఏడాది దానికి ఇంకాస్త ఊపున్న తమ్ముడు, 1100 టీవీ, వచ్చింది. టీవీ అంటే దూరదర్శన్ కాదు, ఇటాలియన్‌లో వేగంగా పోయే టూరింగు బండి అని. ఇవి మిల్లె మిలియా రేసులో పరుగెత్తాయి. బ్రెషియా నుంచి రోముకు వెళ్లి మళ్లీ బ్రెషియాకు, వెయ్యి మైళ్లు, మామూలు రోడ్ల మీద. అక్కడ కారు నంబరంటే అది బయల్దేరిన టైమే. 1955లో గెలిచిన స్టిర్లింగ్ మాస్ కారు నంబరు 722, అంటే పొద్దున ఏడూ ఇరవై రెండు. చిన్న ఇంజిన్లవాళ్లు మాత్రం ముందురోజు రాత్రే బయల్దేరేవారు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. మా ఇంట్లో పెళ్లికి వెళ్లాలంటే నన్ను కూడా ముందే బయల్దేరదీస్తారు.

కుర్లాలోని ప్రీమియర్ కంపెనీ ఆ వంశంలోదాన్నే 1964లో డిలైట్ అని, తర్వాత ప్రెసిడెంట్ అని, 1974 నుంచి పద్మిని అని పిలిచింది. 1089 సీసీ ఇంజిను, నలభై గుర్రాల శక్తి అని పుస్తకంలో ఉంది. అందులో ఎన్ని గుర్రాలు ఇప్పటికీ డ్యూటీకి వస్తున్నాయో మా మెకానిక్ ఉస్తాద్‌కే తెలియాలి.

మన దేశంలోనూ ఈ బండి రేసులాడింది. మద్రాసు నుంచి నెల్లూరుకు వచ్చే దారిలో షోలవరం అని ఒక పాత విమానాల రన్‌వే ఉంది, యుద్ధకాలం నాటిది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు దాని మీద ఏళ్ల తరబడి రేసులు పెట్టింది. ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లు అన్నీ ఎండలో పొగలు కక్కుతూ తిరిగాయి. 1990లో శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకునేదాకా పందేల క్షేత్రం అదే. ఆ రోజుల్లో వెలిగిన రేసరు కరివర్ధన్‌ది కోయంబత్తూరులో లక్ష్మీ మిల్స్ స్థాపించిన కుప్పుస్వామి నాయుడి కుటుంబం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కోటీశ్వరుడు కాబట్టి విదేశీ కారు తెప్పించుకుని కప్పులు పట్టుకుపోతే ఎవరూ అడిగేవారు కాదు. ఆయన మాత్రం మారుతి 800 ఇంజిను తీసుకుని, చవకలో ఒక ఫార్ములా కారు తయారుచేసి, మధ్యతరగతి పిల్లల చేతికిచ్చాడు. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఆడిన తొలి రేసు ఆ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర రెండు కిలోమీటర్ల పైచిలుకు ట్రాక్ ఆయన పేరుతో ఉంది, కారీ మోటార్ స్పీడ్‌వే. మిల్లు ఓనరు గ్రీజు పూసుకుంటే చరిత్ర అవుతుంది. నేను పూసుకుంటే బకెట్టు నీళ్లు, సర్ఫు, నాలుగు మాటలు అవుతాయి.

ఇక తయారీ. ఇందులో నాకు ఇద్దరు పైఅధికారులు. ఒకరు కేంద్ర ప్రభుత్వం. 2021లో తెచ్చిన నియమాల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, ఇరవై వేలు కడితే "వీఏ" అక్షరాలున్న కొత్త నంబరు ఇస్తారు. కాకపోతే చాసిస్, బాడీ, ఇంజిను అసలు రూపం మారకూడదు. ఆ నంబరు వేసుకున్నాక కారు బయటికి తీయాలంటే ప్రదర్శనకో, పరిశోధనకో, వింటేజ్ ర్యాలీకో, లేదంటే పెట్రోలుకూ రిపేరుకూ తీయాలి. రేసు అన్న మాట ఆ జాబితాలో లేదు. రెండో అధికారి మా ఆవిడ. ఆమె నియమం అంత పొడుగు లేదు: "మా నాన్న కారుకు ఒక్క కోత పడొద్దు." ఇద్దరూ సంప్రదించుకోకుండానే ఒకే తీర్పు ఇచ్చారు. అందుకని వీఏ నంబరు జోలికి పోలేదు, ఐదేళ్లకోసారి చేయించే పాత రెన్యువలే చేయించాం. కోత జోలికీ పోలేదు.

ఆటోనగర్ ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాం. వనస్థలిపురం జింకల పార్కు పక్కన ఒకవైపు జింకలు గడ్డి మేస్తుంటే ఇవతల లారీల ఇంజిన్లు విప్పి పరుస్తుంటారు. ఉస్తాద్ బానెట్టు ఎత్తి, చాలాసేపు ఏమీ అనకుండా చూసి, మూసి, అన్నాడు: "ఉరికిచ్చుడు అల్కనే సార్. ఆపుడే ముష్కిల్."

పచ్చి నిజం. పద్మినికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఒకటి రెండుసార్లు గట్టిగా తొక్కితే బాగానే పట్టుకుంటాయి. వరసగా తొక్కితే డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లోపలి షూలకు దూరం జరుగుతుంది, లైనింగుకు పట్టు పోతుంది, పెడలు నేలదాకా పోతుంది. అప్పుడు డ్రైవరుకు దేవుడు గుర్తొస్తాడు. డ్రమ్ములు లేతు పట్టించి, కొత్త లైనింగులు అంటించి, గాలి తగలడానికి వెనక ప్లేట్లకు చిల్లులు పెడదామన్నాడు ఉస్తాద్. నేను ఇంటికి ఫోన్ చేశాను. వెనక ప్లేటు చాసిస్ కాదు, బాడీ కాదు, ఇంజిను కాదు అని నియమావళి చదివి వినిపించాను. "చిల్లు కోత కాదా?" అంది. వాదన కొంతసేపు నడిచింది. చివరికి రాణిగంజ్‌లో పాత ప్లేట్ల జత ఇంకొకటి కొని వాటికి చిల్లులు పెట్టించాం. అసలువి కొత్త గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టింది.

ఇంజిను హెడ్డు గీయించి కంప్రెషన్ పెంచుదామన్న ప్రతిపాదన ఇల్లు చేరకముందే నేనే కొట్టేశాను. దాంతో ఉస్తాద్‌కు మిగిలిన పని రింగులు మార్చడం, వాల్వులు నూరడం, పాయింట్లు సెట్ చేయడం, కార్బొరేటర్ కడగడం. అంటే యాభై ఏళ్ల కింద కుర్లా గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా చేయడమన్నమాట. దీన్నే మేము రేస్ ట్యూనింగ్ అని చెప్పుకున్నాం.

చిక్కల్లా కారు పాతదే గానీ పెట్రోలు పాతది కాదు. ఒకప్పుడు పెట్రోల్లో కలిపే సీసం వాల్వు సీట్లకు రక్షణగా ఉండేది. 2000 నాటికి సీసం పోయింది, కాబట్టి గట్టి సీట్లు వేయించాలి. ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ వచ్చింది, అది పాత రబ్బరు పైపులను ఉబ్బించి మెత్తబరుస్తుంది, కాబట్టి పైపులన్నీ మార్చాలి. ఉస్తాద్‌కు ఇది అస్సలు మింగుడుపడలేదు. "మనిషికి షుగరొస్తే చెరుకురసం బంద్ చేస్తరు. ముసలి బండికి మాత్రం రోజూ తాగిపియ్యాలెనట!"

తర్వాత సీటు. పద్మిని ముందు సీటు బల్లలా ఒకటే పొడవు. సంసారానికి బాగుంటుంది. మూల మీద మాత్రం, కుడికి తిప్పితే డ్రైవరు రెగ్జిన్ మీద జారుకుంటూ ఎడమ తలుపు దాకా పోతాడు, స్టీరింగు ఇక్కడే ఉంటుంది. అందుకని పాత బోల్టు చిల్లుల్లోనే సరిపోయేలా ఒక బకెట్ సీటు నా కొలతకు బిగించాడు.

మా క్లబ్బు అంటే ఒక వాట్సాప్ గ్రూపు. పందెం జరిగేది మా ఊరి శివార్లలో ఒక వెంచర్‌లో. పెద్ద ఆర్చి ఉంది, నలభై అడుగుల తారు రోడ్లున్నాయి, వీధి దీపాలున్నాయి, ఇళ్లు మాత్రం లేవు. మా ప్రాంతంలో ఇలాంటి రేస్ ట్రాకులకు కొదవలేదు. కట్టినవాళ్లకే ఆ సంగతి తెలియదు. ఓనరును అడిగి, వాచ్‌మన్‌కు చెప్పి, కోన్లు పేర్చి, ఒక్కో కారును విడిగా వదిలి గడియారం పట్టుకుంటాం. పక్కపక్కన పరుగులు లేవు.

మా స్క్రూటినీ ఆఫీసరు ఆర్టీసీ డిపోలో ఇంజనీరుగా రిటైరైన పెద్దాయన. సర్వీసంతా కండిషన్లో లేని బస్సుల్ని విధిలేక పంపించాల్సొచ్చిందట. ఇప్పుడు ఆ బాకీ మా మీద తీర్చుకుంటున్నాడు. బ్యాటరీ కదిలితే ఫెయిలు. బెల్టు లేకపోతే ఫెయిలు. మంటలార్పే సిలిండరు చేతికందకపోతే ఫెయిలు. హెడ్‌లైట్ల అద్దం పగిలినా చెదరకుండా టేపు వేయాలి. కాళ్ల కింద మ్యాటు తీసేయాలి, పెడలు కింద ఇరుక్కుంటుంది. లోపల ఊడొచ్చే వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదు. డ్యాష్‌బోర్డు మీద వెంకటేశ్వరస్వామిని చూపించి, "ఈయన స్థిరంగా ఉన్నాడా?" అని అడిగాడు. తట్టి చూశాడు. కదలలేదు. 1975 నాటి ఫెవికాల్. స్వామి పాసయ్యాడు, బంపరుకు కట్టిన నిమ్మకాయలు ఫెయిలయ్యాయి.

ఇంత తనిఖీ నేను హైదరాబాదులో నలభై ఏళ్లుగా బండి నడుపుతూ ఏనాడూ ఎరగను. రోడ్డు మీద నా బ్రేకులు పనిచేస్తున్నాయా అని అడిగిన నాథుడు లేడు. రేసులో మాత్రం అందరూ అదే అడుగుతారు.

వచ్చిన కార్లలో అంబాసిడర్ ఉంది. 2013లో టాప్ గియర్ వాళ్లు ప్రపంచంలోని టాక్సీలన్నిటికీ పోటీ పెడితే ఇదే గెలిచిందని దాని ఓనరు ప్రతి మలుపుకూ ముందు చెప్పేవాడు, మలుపు తర్వాత చెప్పలేకపోయేవాడు. స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. ఇరవై ఐదు అడుగుల్లో గిర్రున తిరుగుతుంది, మేము రివర్స్ గేరు వెతుక్కునేచోట అది వెనక్కి తిరిగి మా ఎదురుగా వచ్చేది. ఇంకా ఒక 1989 మారుతి 800, దాన్ని నడిపింది హయత్‌నగర్ బడిలో లెక్కలు చెప్పే టీచరు. ఆవిడ పోటీలో ఉందని మేమెవరమూ పట్టించుకోలేదు.

నా వంతు వచ్చింది. నిమిషం పైచిలుకు సంగతి. మొదటి మలుపులో వెనక కమాన్ కట్టల మీద కారు వాలి, లోపలి చక్రం నేలను కొంచెం మర్యాదగా వదిలింది. రెండో గేరు కోసం రాడ్డు లాగితే అది ఆలోచించుకుని పడింది. టైర్లు అరిచాయి, వాచ్‌మన్ పిల్లలు చప్పట్లు కొట్టారు, నాకు మిల్లె మిలియా కళ్లముందు కదిలింది. టీచరమ్మ కారు మాత్రం చప్పుడు లేకుండా వెళ్లి, చప్పుడు లేకుండా వచ్చింది. మూల రాకముందే బ్రేకు, మూలలో నిదానం, దాటాక యాక్సిలరేటర్. టైరు ఒక్కసారి కూడా కీచుమనలేదు. అందరికన్నా తక్కువ టైము ఆవిడదే. గుర్రాల లెక్కన దానికీ నా కారుకూ పెద్ద తేడా లేదు, కానీ అది రెండు వందల కిలోల పైన తేలిక. ఆ రెండు వందల్లో నా వాటా ఎంతని టీ తాగేటప్పుడు ఎవరో అడిగారు. వినబడనట్టు సమోసా అందుకున్నాను.

అంబాసిడర్ ఓనరు ఊరుకోలేదు. మారుతి 800 క్లాసిక్ ఎలా అవుతుందని ప్రొటెస్టు పెట్టాడు. మా డిపో పెద్దాయన కాగితాలు చూసి, 1983 డిసెంబరులో వచ్చిన మోడలు, 2014లో తయారీ ఆగింది, ఈ కారుకు ముప్పై ఐదేళ్లు దాటాయి, అది క్లాసిక్ కాకపోతే ఇక్కడున్న డ్రైవర్లెవరూ కారు అని కొట్టేశాడు.

ఇంటికి ఔటర్ మీదుగా వద్దామనుకున్నాను. కానీ ఔటర్ మీద ఎడమ లైన్లలో కూడా ఎనభైకి తగ్గకూడదంటారు. వేడెక్కిన డ్రమ్ములతో ఎనభై పట్టుకోవడం కన్నా సర్వీసు రోడ్డే మేలనిపించింది. అక్కడ ఎదురుగా ఒక ట్రాక్టరు, దాని పక్కనుంచి ఒక ఆటో, ఆ రెంటి మధ్యలోంచి ముగ్గురు ఎక్కిన మోటార్ సైకిల్. కోన్లు లేవు, పెద్దాయన లేడు. హెల్మెట్ తీసి వెనక సీట్లో పడేసినందుకు అప్పుడు విచారించాను.

మా ఆవిడ అన్నీ విన్నది. ఫలితం కన్నా ఎవరు గెలిచారన్న దగ్గర ఎక్కువ ఆగింది. "టీచరమ్మా?" అని రెండుసార్లు అడిగింది. మర్నాడు నేను లేనప్పుడు కారు ఆటోనగర్‌కు వెళ్లొచ్చింది. ఉస్తాద్‌కు ఫోన్ చేస్తే, "మేడమ్ చెప్పింది సార్, బండి మేడమ్ పేరు మీదనే ఉంది గదా" అన్నాడు. సీటు నాలుగు అంగుళాలు ముందుకు జరిపి, కదలకుండా నాలుగు బోల్టులూ బిగించేశాడు. ఇప్పుడు నేను కూర్చుంటే మోకాళ్లు స్టీరింగుకు తగులుతున్నాయి. వచ్చే పందానికి ఎంట్రీ ఫీజు మాత్రం నన్నే కట్టమంది.