ఒక అంగడి బోర్డునకు టీకా తాత్పర్యము

మూలము: «మాయందు సకల గృహావసర వస్తువులు సరసమైన ధరలకు లభించును. సరిచిల్లర తెచ్చి సహకరింప ప్రార్థన. అప్పు రేపు.»

అవతారిక: మా వీధి మొగలో పది అడుగుల గదియందు క్రొత్తగా వెలసిన కిరాణా కొట్టునకు దాని యజమాని సూపర్ మార్ట్ అని నామకరణము చేసి, గుమ్మముకంటె పొడవైన ఫ్లెక్సీమీద నమస్కార ముద్రలో తన నిలువెత్తు ఛాయాచిత్రమును అచ్చువేయించి, దాని పాదములచెంత పై వాక్యత్రయమును వ్రాయించినాడు. ఇంతటి గంభీరభాషలో ఉప్పు పొట్లము అమ్మజూచువాడు ఒక వ్యాఖ్యాతను కోరుచున్నాడనియే నేను గ్రహించినాను. కొలచెలమ మల్లినాథసూరి తన వ్యాఖ్యలలో అనపేక్షితమైనది చెప్పనని ప్రతిజ్ఞ పట్టినాడు. నేనట్టి ప్రతిజ్ఞ ఏదియు చేయలేదు.

మాయందు: అత్తునకు సంధి బహుళమని చిన్నయసూరి సెలవిచ్చినాడు కనుక, మాయ, అందు అని విడదీయుటకు వ్యాకరణము అడ్డురాదు. అద్వైతులు ఈ పాఠమునే ఆదరింతురు.

సకల: ఈ విశేషణము గడప దాటినంతనే సంకోచించును. కుంకుడుకాయలు అడిగినవారికి షాంపూ పాకెట్ల దండ చూపబడును. మినపగుళ్లు అడిగినవారికి రేపు లోడు దిగునని చెప్పబడును.

సరసమైన ధరలకు: ఇచ్చట కొంచెము నిలువవలెను. సరసమైన ధర అనగా ఎంత అను ప్రశ్నకు అలంకారశాస్త్రమున సమాధానము లేదు, అర్థశాస్త్రమున ఉన్నది. శతాబ్దుల తరబడి కనుమరుగైయుండి, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి తాళపత్రరూపమున చిక్కి, 1909లో అచ్చైన ఆ మహాగ్రంథమున నాల్గవ అధికరణమునకు కంటకశోధనమని పేరు. రాజ్యమునకు ముండ్లవంటివారిని ఏరివేయు ఆ భాగమున కౌటిల్యుడు రెండవ అధ్యాయమునే వర్తకులకు కేటాయించి, అగ్ని, జలము, వ్యాధి, క్షామము, ఎలుకలు, క్రూరమృగములు, సర్పములు, రాక్షసులు అను మహాభయములను మూడవ అధ్యాయమునకు నెట్టినాడు. ఈ పౌర్వాపర్యమునకు కారణమేమని పండితులు చర్చించినట్లు లేదు. నెలసరుకులు తెచ్చు గృహస్థునకు చర్చ అక్కరలేదు. స్వదేశపు సరుకుమీద నూటికి 5, పరదేశపు సరుకుమీద నూటికి 10 మాత్రమే లాభము గొనవలెనని అతని శాసనము. దానిని మీరి నూరు పణములకు 5 పణములు లాగినవానికి 200 పణముల దండము. ధర పెరిగినకొలది దండమును పెరుగును. తూనికరాళ్లకు నాలుగు మాసములకొకమారు ముద్ర వేయించుకొనవలెను. ముద్రలేని రాయి దొరికినచో 27¼ పణములు జరిమానా. ఆ పావు పణమును చూచినపుడెల్ల నాకు కౌటిల్యునిపై గౌరవము ఇనుమడించును. ఇరువదియేడుతో తృప్తిపడని మనస్సు అది! నేటి ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకమారు ముద్ర చాలును. మా వీధి కాటాపై ఏ సంవత్సరపు ముద్ర ఉన్నదో తెలియదు. దానిమీద బెల్లపు పాకము పేరుకొన్నది.

ప్రస్తుతమునకు వత్తము. 20 రూపాయలని అచ్చువేసిన నీళ్లసీసాకు ఈ కొట్టున 22 తీసికొందురు. ఎందుకయ్యా అనినచో «కూలింగ్ చార్జీ మాస్టారూ!» అని సమాధానము. నూటికి 10 అధికము. కౌటిల్యుని లెక్కను 400 పణములు. పాలపాకెట్టునకును ఇదే చల్లని న్యాయము. ఫ్రిజ్జునకు వాణిజ్యపు రేటున కరెంటు బిల్లు వచ్చునని, బిస్కట్ల కంపెనీవాడు మిగిల్చునది స్వల్పమని, సరుకు దింపిన వ్యానువాడు రొక్కము ముట్టక కదలడని, గడువు తీరిన సరుకును వెనుకకు గొనుటకు నెలల తరబడి త్రిప్పునని, అద్దెయు ఎలుకలును ఆదివారములు ఎరుగవని నాకు తెలియును. కొట్టు పెట్టుటకు పురపాలక సంఘపు లైసెన్సు, ఆహారభద్రతా నమోదు మున్నగువాటికై అతడు తిరిగిన తిరుగుడును చూచినాను. ఇన్ని కష్టములు పడువాడు ఒక రూపాయి ఎక్కువ అడిగినచో మనసు కరుగును. కాని అడుగుట లేదు. అదొక శాస్త్రమైనట్లు ప్రకటించుచున్నాడు. చల్లదనము సీసా లోపలి ధర్మమా, బయటి ఉపాధియా అని నేను తార్కికులను అడిగి తెలిసికొనవలెనా?

సరిచిల్లర: రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలుగా సాగిన లెక్క 1957 ఏప్రిల్ 1న నూరు నయాపైసలైనది. 2011 జూన్ 30తో పావలాయు అంతకు చిన్న నాణెములును చెల్లుబడి కోల్పోయినవి. నాటినుండి మా అంగడిలో ఒక రూపాయి నాణెమునకు ఆదేశముగ చాక్లెట్టు వచ్చినది. ఆదేశము వచ్చినచోట స్థాని లోపించుట సహజము. కావున రూపాయి మరల కనబడదు. అయితే ఈ విధి నిత్యమా, వైకల్పికమా? పరీక్షార్థము ఆ చాక్లెట్లనే కూడబెట్టి ఒక సబ్బునకు చెల్లింపబోగా, యజమాని కొడుకు నవ్వి, «అవి తీసుకోం మాస్టారూ» అని ఫోన్‌పే పలక చూపినాడు. విధి ఏకపక్షమని సిద్ధాంతము. అట్లయిన, చిల్లర ఈయనివాడు చిల్లర తెమ్మని మనలను ప్రార్థించుట ఏ మర్యాద?

సహకరింప: సహకారమన ఇరువురు చేయునది.

అప్పు రేపు: స్పష్టము.

తాత్పర్యము: అన్నియు ఉన్నవి, ధర మేమే చెప్పెదము, చిల్లర మీరే తెండు. ఫ్లెక్సీ చినిగినపుడు క్రొత్తదానిపై ఛాయాచిత్రము ఎంత పెద్దదైన వేయించుకొనుము నాయనా, భాషయు నీ యిష్టమే. నీళ్లసీసాను మాత్రము ముద్రించిన ధరకే ఇమ్ము. ముద్రితమైన ధరకు మించి అమ్మరాదని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలలోనే ఉన్నది. అందు కూలింగునకు మినహాయింపు లేదు.