ఆమె కోసం మూడో చక్రం

ఇంటావిడ మోకాళ్లు నొప్పులంటే మీకు డాక్టరు కంటే ముందు వెల్డింగ్ షాపు గుర్తొస్తుందా? అయితే ఈ వ్యాసం మీకోసమే. ఫిజియోథెరపీ, సెకండ్ హ్యాండ్ కారు, కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండటం లాంటి ఆలోచనలు వచ్చేవాళ్లు పేజీ తిప్పేయొచ్చు. మిగతావాళ్లు స్పానర్ సెట్టూ, ఎప్పుడో దాచుకున్న ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదూ దగ్గర పెట్టుకుని చదవండి.

కోహినూర్ దొరికిందని చెప్పుకునే కొల్లూరు ఇది కాదు, అది కృష్ణ ఒడ్డున ఉండేది. మనది సంగారెడ్డి జిల్లా కొల్లూరు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన కొత్త అపార్టుమెంట్లు, 2023 జూన్‌లో ప్రారంభించిన 15,660 డబుల్ బెడ్రూం ఇళ్ల కాలనీ, వాటి మధ్య తిరిగే రెడీమిక్స్ లారీలు. ఒకవైపు బీహెచ్‌ఈఎల్, ఇంకోవైపు పటాన్‌చెరు, పాశమైలారం. ఇన్ని లేత్ మిషన్లు, రిటైరై ఏం తోచక కూర్చున్న ఇంతమంది ఫిట్టర్లు, టర్నర్లు ఉన్న చోట మోకాలి నొప్పికి ఇనుముతో వైద్యం చేయాలనిపించడం సహజం.

మొదటి సూత్రం: ఆవిడను అడగొద్దు.

అడిగితే ఏమవుతుందో చెప్తాను. మీరు రిటైర్‌మెంట్ డబ్బులతో పాత మోడల్ రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కొన్నారు. దాని సీటు నేల నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తు. అది మీరు కూర్చునే సీటు, ఆవిడది ఇంకా పైన. టూరింగ్ అన్నాక డబ్బాలు లేకపోతే ఎలా అని రెండు పక్కలా రెండు అల్యూమినియం డబ్బాలు, వెనక పైన ఇంకోటి బిగించారు. ఇప్పుడు ఆవిడ ఎక్కాలంటే ఎడమ కాలు ఫుట్‌రెస్టు మీద పెట్టి, మీ భుజం పట్టుకుని లేచి, మీ వీపుకీ పై డబ్బాకీ నడుమ ఉన్న సందులోంచి కుడి కాలు మడిచి అవతలికి వేయాలి. మోకాలు పట్టేసేది సరిగ్గా అక్కడే. సదాశివపేటలో టీకి ఆపితే దిగాలి, టీ తాగాక మళ్లీ ఎక్కాలి. ఈ సంగతి మీద ఆవిడ అభిప్రాయం అడిగారనుకోండి, ‘గా డబ్బాలు తీసెయ్, ఎక్కుడు అల్కగైతది’ అంటుంది. ‘లేకుంటె నేను బస్సుల వస్త, నువ్వు బండి మీద రా’ అని కూడా అనగలదు. రెండు మాటల్లో, పైసా ఖర్చు లేకుండా, బండికి మూడో చక్రం తగిలించే మీ ప్రాజెక్టు మొత్తం ముగిసిపోతుంది. అందుకని అడగొద్దు. సర్‌ప్రైజ్ అనండి.

తర్వాత కొంచెం చరిత్ర పోగేసుకోవాలి. ఇంట్లో వాదన వచ్చినప్పుడు పనికొస్తుంది. హార్లే డేవిడ్‌సన్ వాళ్లు 1932లోనే సర్వీకార్ అనే మూడు చక్రాల బండి తెచ్చి, 1973 దాకా తయారు చేశారు. గ్యారేజీ వాళ్లు కస్టమర్ కారును ఇంటి దగ్గర అప్పగించి తిరిగి రావడానికి, పోలీసులు పార్కింగ్ చలాన్లు రాయడానికి వాడేవారు. చలాన్ల ముక్క ఇంట్లో చెప్పకండి. 2009 మోడల్‌గా అదే కంపెనీ ట్రై గ్లైడ్ అనే టూరింగ్ ట్రైకును దించింది. అమెరికాలో వయసు పైబడిన గోల్డ్ వింగ్ మోటార్‌సైకిల్ యజమానులు తమ బండ్లకు కిట్లు తగిలించి ట్రైకులు చేయించుకుంటారు. వాదన వస్తే ఆ ట్రైకుల వీడియోలు ఆవిడకు చూపించండి, కిట్టు ధర కనబడే చోట మాత్రం ఫోను మీవైపు తిప్పుకోండి.

అంత దూరం ఎందుకంటారా, గుజరాత్ పల్లెల్లో బుల్లెట్ ముందు భాగానికి వెనక రెండు చక్రాల తొట్టి తగిలించిన ఛకడాలు ఏళ్ల తరబడి జనాన్ని మోశాయి. మన హైదరాబాదునే చూడండి. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం పెట్టిన సుధాకర్ 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున మూడు చక్రాల సైకిల్ కట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. మహిళా దినోత్సవానికని హైహీల్ చెప్పు ఆకారంలో, హ్యాండ్‌బ్యాగు ఆకారంలో కార్లు కూడా చేశారు. ఆడవాళ్ల గౌరవార్థం బండి చేయడంలో హైదరాబాదును మించిన ఊరు లేదని దీన్ని బట్టి మీరు నిర్ధారించుకోవచ్చు. ఆ కార్లలో కూరగాయలకు వెళ్లొచ్చిన ఆడవాళ్లు ఎవరున్నారన్నది మన టాపిక్ కాదు.

ఇక మెకానిక్. మీరు గీసిన ట్రైకు బొమ్మ చూసి ‘కాదు సార్’ అన్నవాడిని వదిలేయండి, అతనికి పని తెలుసు. ‘అయితది సార్, ఎందుకు కాదు?’ అని మీ చేతిలోంచి కాగితం లాక్కుని, దాని మీదే టీ గ్లాసు పెట్టినవాడి దగ్గర ఆగండి.

మొదట వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ కోసి పారేస్తాడు. దాని స్థానంలో రెండు చక్రాల యాక్సిల్ రావాలి. దీనికి రెండు దారులు. చవకదారిలో ఒకటే కడ్డీ, దాని చెరో చివర ఒక చక్రం, నడుమ స్ప్రాకెట్. చైన్ తగిలిస్తే పని అయిపోయింది. కానీ మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. ఆ సంగతి కడ్డీకి తెలియదు, రెండిటినీ సమానంగా తిప్పుతుంది. మీరు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి నేరుగానే పోదామంటుంది, లోపలి టైరు రోడ్డుకు రాసుకుని అరిగిపోతుంది. రెండోదారి డిఫరెన్షియల్. ‘ఆటోది దొరుకుతది సార్’ అంటాడు. దొరుకుతుంది, నిజమే. ఆటోల్లో అది ఇంజిన్‌తో, గేర్‌బాక్సుతో కలిసి ఒకే ముద్దగా ఉంటుంది కాబట్టి దాన్ని విడదీసి మీ చైన్‌కు అతికించే పని లేత్ దగ్గర మొదలై లేత్ దగ్గరే ఆగిపోతుంది. మధ్యలో బేరింగ్ కోసం పుత్లీబౌలి, బుష్ కోసం రాణీగంజ్ తిరగడం మీ వంతు. ఆవిడ మోకాళ్ల సంగతి ఏమో గానీ ఈ దశలో మీ మోకాళ్లు మాత్రం అరుగుతాయి.

ముందు ఫోర్కు గురించి మెకానిక్ ఏమీ అనడు. మీరే అడగాలి. రెండు చక్రాల బండిని మలుపులో ఒరగబెడతాం, అది తిరుగుతుంది. మూడు చక్రాలది ఒరగదు. హ్యాండిల్‌ను బలంతో తిప్పాల్సిందే. నేరుగా పోయేటప్పుడు బండి నిలకడగా ఉండాలని కంపెనీ ఫోర్కును ఏటవాలుగా పెట్టి కొంత ట్రెయిల్ ఇస్తుంది. ఇన్నాళ్లూ మిమ్మల్ని కాపాడిన ఆ ట్రెయిలే ఇప్పుడు మీ భుజాలతో కుస్తీ పడుతుంది. పద్ధతిగా కిట్లు చేసేవాళ్లు ఫోర్కును పట్టుకునే క్లాంపుల కోణం మార్చి దాన్ని తగ్గిస్తారు. మన దగ్గర ఈ సమస్యకు ఉన్న పరిష్కారం: ‘రెండ్రోజులు తోలితే అలవాటైతది సార్.’

మరి రివర్స్? హిమాలయన్‌కు లేదు. అసలు బండి బరువే 199 కిలోలు. దానికి యాక్సిల్, ఫ్రేము, ఇంకో చక్రం కలిశాయి. కేతకీ సంగమేశ్వర గుడి దగ్గర గోడకేసి పార్కు చేశారనుకోండి, వెనక్కి తీయాలంటే ఒకరు దిగి నెట్టాలి. హ్యాండిల్ పట్టుకుని పైన కూర్చునేది మీరు కాబట్టి దిగేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

అన్నట్టు, ఇంత జరిగినా సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లే ఉంది. డబ్బాలు కూడా ఉన్నాయి. పైగా ఇప్పుడు చక్రాలు రెండు పక్కలా బయటికి వచ్చాయి, వాటి మడ్‌గార్డులు దాటితే గానీ సీటు అందదు. అందుకని మెట్టు వెల్డింగ్ చేయించాలి. మెట్టు ఎక్కాలంటే మోకాలు వంచాలి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎవరైనా అంటే, వాళ్లకు ఇంజినీరింగ్ తెలియదని ఊరుకోండి.

ట్రయల్ రోజు రెండు జాగ్రత్తలు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నలభై ఏళ్ల అలవాటు కొద్దీ కాలు కింద పెట్టకండి. మీ పాదం వెనకే వెనక చక్రం ఉంది, బండి కదిలితే అది పాదం ఎక్కుతుంది. రెండోది గుంతలు. రెండు చక్రాల బండికి రోడ్డు మీద ఒకటే దారి, గుంత పక్కనుంచి తప్పుకుంటుంది. ట్రైకుకు మూడు దారులు. ముందు చక్రాన్ని తప్పిస్తే కుడి చక్రం పడుతుంది, కుడిదాన్ని తప్పిస్తే ఎడమది. కొల్లూరు సర్వీసు రోడ్డు మీద లారీల నుంచి రాలిన కంకర, కాంక్రీటు ముద్దలు గట్టిపడి ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా మిమ్మల్ని పలకరించకుండా వదలదు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుదామంటారా? 158 కిలోమీటర్ల నున్నటి రోడ్డు ఇంటి పక్కనే ఉంది. దాని మీద టూవీలర్లకు ప్రవేశం లేదు. త్రీవీలర్లకూ లేదు. ఇన్ని లక్షలు పోసి మీరు ఒక నిషేధంలోంచి ఇంకో నిషేధంలోకి మారారు.

ఇప్పుడు చట్టం. దీన్ని చివర్లో పెట్టడానికి కారణం, ముందే చెబితే మీరు బండిని కోయరు, మాకు వ్యాసం ఉండదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో 182ఎ సెక్షన్ కింద శిక్ష చేర్చారు: ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. స్వింగ్ ఆర్మ్, యాక్సిల్, ఫోర్కు, మెట్టు... లెక్క మీరే వేసుకోండి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పుతో యాక్సిడెంట్ జరిగితే క్లెయిము మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. తమాషా ఏమిటంటే, విడదీయగలిగే సైడ్‌కార్ తగిలించిన బండిని అదే చట్టంలోని 2(27) ఇప్పటికీ మోటార్ సైకిల్ అనే అంటుంది. ఒకప్పుడు చేతక్ స్కూటర్ పక్కన తొట్టిలో భార్యాపిల్లలను కూర్చోబెట్టి తిప్పినవాళ్లు మనకంటే తెలివైనవాళ్లు. ఆ తొట్టి సీటు నేలకు దగ్గరగా ఉండేది కూడా.

చట్టం ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంచింది. వైకల్యం ఉన్నవాళ్లు వాడటానికి బండిని మార్పించుకుని, ఆ తర్వాత రిజిస్టరింగ్ అధికారి ఆమోదం తీసుకోవచ్చు. దాన్ని అడాప్టెడ్ వెహికల్ అంటారు. సంగారెడ్డి ఆర్టీవో ఆఫీసులో మీ ఇంటావిడ మోకాలి నొప్పి గురించి మీరు ఎంత కరుణరసంతో చెప్పినా సరిపోదు, వైకల్యాన్ని ధ్రువీకరించే ప్రభుత్వ కాగితం కావాలి.

ఈ తలుపులోంచి నడిచిన బండ్లు ఎలా ఉంటాయో చూడాలంటే పొద్దున షిఫ్టు వేళ పటాన్‌చెరు రోడ్డు మీద నిలబడండి. స్కూటీకి సైడ్ వీల్స్ వేయించుకుని పనికి వెళ్లే ఆడవాళ్లు కనిపిస్తారు. చంకకర్ర కాళ్ల దగ్గర అడ్డంగా పెట్టి, టిఫిన్ బాక్సు హుక్కుకు తగిలించి, లారీల సందులోంచి హారన్ కొట్టుకుంటూ పోతారు. అందరూ త్రీవీలర్ అంటారు గానీ వంగి చూస్తే దానికి నాలుగు చక్రాలు. అసలు వెనక చక్రం మధ్యలో అలాగే ఉంటుంది, బండిని నడిపేది అదే. రెండు పక్కలా ఉన్న చిన్న చక్రాలు పడిపోకుండా పట్టుకుంటాయి, అంతే. గుంతలో రెండు పక్క చక్రాలూ అంచుల మీద నిలబడిపోతే నడిమి చక్రం గాల్లో ఊరికే తిరుగుతుంది. ఆ లోపం వాళ్లకు తెలుసు, ఏ గుంత దగ్గర ఎటు తిప్పాలో కూడా తెలుసు. తెలంగాణ వికలాంగుల కార్పొరేషన్ ఇలాంటి మార్చిన బండ్లు అర్హులకు ఇస్తుంటుంది. సొంతంగా వేయించుకునేవాళ్లు షాపులో నిలబడి, స్ప్రింగు గట్టిగా ఉందనో చక్రం పైకుందనో గొడవపడి సరిచేయించుకుంటారు. కూర్చునేది వాళ్లే కాబట్టి వాళ్లకు తెలుస్తుంది.

ఇంత చదివాక కూడా ఆవిడకే చేయిస్తానంటే, ఆవిడకు నిజంగా ఆ అవసరమూ, దానికి కాగితమూ ఉంటే, షాపుకు ఆవిడను తీసుకెళ్లండి. బేరం ఆవిడను ఆడనివ్వండి. మార్పు జరిగిన 14 రోజుల్లోగా ఆర్టీవోకు తెలియజేయండి. ఆర్‌సీ ఆవిడ పేరు మీద పెట్టించి తాళం ఆవిడకు ఇచ్చేయండి. అడాప్టెడ్ వెహికల్ అంటే ఆ మనిషి వాడటానికో, ఆ మనిషి కోసమో మాత్రమే అని చట్టం నిర్వచనంలోనే రాసి ఉంది. ఆదివారం పొద్దున మీరొక్కరే దాని మీద బీదర్ కోటకు పోవడానికి వీల్లేదు. మీ సరదాకు వేరే బండి చూసుకోండి, రెండు చక్రాలదే.