రిఫరీ చేతి ఈలను

నేను ఫుట్‌బాల్ రిఫరీ చేతిలో ఉండే ఈలను. 1884లో బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ లోపల చిన్న గోళీ వేసి చేసిన ‘థండరర్’ మా వంశంలో పెద్దది. గోళీ లేని ప్లాస్టిక్ రకాలు నూరేళ్ల తర్వాత వచ్చాయి. రకం ఏదైనా నా పని ఒకటే. ఆటగాడు కింద పడ్డాక రిఫరీ ఊపిరి నాలో దూరడానికి పట్టేది రెప్పపాటు కాలం. ఆ రెప్పపాటులో ఏం జరిగిందన్నదే ఫుట్‌బాల్ లోకంలో తెగని తగువు. రిఫరీ అమ్ముడుపోయాడని ఓడిన జట్టు అభిమానులు అంటారు, చానళ్లు ఆ మాటకు వంత పాడతాయి. మొగ్గు ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ అది ఎక్కువ భాగం డబ్బుకు లొంగిన మనిషి మొగ్గు కాదు, అరుపుల మధ్య ఒంటరిగా నిలబడ్డ మనిషి మొగ్గు. ఈ తేడాను చెరిపేసే మీడియా ఆ అరుపులనే పెంచుతోంది.

స్పెయిన్ లీగ్‌నే చూడండి. అక్కడి 1990ల నాటి మ్యాచ్‌లను గరికానో, పలాసియోస్-ఉయెర్తా, ప్రెండర్‌గాస్ట్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కగట్టి 2005లో ప్రచురించారు. సొంత మైదానంలో ఆడే జట్టు ఒక్క గోలు వెనకబడి ఉంటే రిఫరీ చివర్లో కలిపిన అదనపు సమయం సుమారు నాలుగు నిమిషాలు, అదే జట్టు ఒక్క గోలు ముందుంటే దాదాపు రెండే. అంటే ఆఖరి కూత కూయాల్సిన క్షణాన్ని గ్యాలరీ ముందుకూ వెనక్కూ జరుపుతోంది. దీన్ని చూపి కుట్ర రుజువైందనేవారు జర్మనీ లెక్కలు కూడా చూడాలి. అక్కడ జనానికీ మైదానానికీ మధ్య పరుగు పందేల ట్రాక్ ఉన్న స్టేడియాల్లో ఈ మొగ్గు తక్కువని థామస్ డోమెన్ తేల్చాడు. లంచమే కారణమైతే మధ్యలో ట్రాక్ ఉన్నంత మాత్రాన దాని బలం తగ్గదు కదా! ఇంగ్లండులో నలభై మంది అర్హత గల రిఫరీలకు లివర్‌పూల్ సొంత మైదానంలో ఆడిన మ్యాచ్ వీడియో చూపారు. కొందరికి జనం హోరుతో, కొందరికి శబ్దం లేకుండా. హోరు విన్నవాళ్లు లివర్‌పూల్ మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్లను కొనడానికి ఆ గదిలో ఎవరూ లేరు. 2020లో కోవిడ్ వల్ల ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు యూరప్ లీగ్‌లలో బయటి జట్లకు ఎల్లో కార్డులు తగ్గడమూ ఇదే చెబుతుంది.

టీవీ కూడా ఒక గ్యాలరీయే, మధ్యలో ట్రాక్ లేని గ్యాలరీ. దాని హోరు తొంభై నిమిషాలతో ఆగదు, రిఫరీ ఇంటిదాకా వెళుతుంది. 2025 ఏప్రిల్‌లో సెవిల్లెలో బార్సిలోనాకూ రియల్ మాడ్రిడ్‌కూ స్పెయిన్ కప్ అయిన కోపా డెల్ రే ఫైనల్. ఆ మ్యాచ్‌కు నియమించిన రిఫరీ దె బుర్గోస్ బెంగోఎచెయా పాత నిర్ణయాల్లోంచి తప్పులు ఏరి రియల్ మాడ్రిడ్ సొంత చానల్ ముందే ప్రసారం చేసింది. ఫైనల్ ముందు రోజు విలేకరుల ఎదుట ఆయన కన్నీళ్లు ఆపుకోలేకపోయారు. మీ నాన్న దొంగ అని బడిలో పిల్లలు అంటుంటే కొడుకు ఏడుస్తూ ఇంటికొస్తున్నాడని చెప్పారు. మర్నాడు రాత్రి ఈల పట్టుకోవాల్సిన చెయ్యి అదే. ఇలాంటి వీడియోల వల్ల నిర్ణయం మారకపోవచ్చు, కానీ తటపటాయింపు పుడుతుంది. పెనాల్టీ ఇస్తే భయపడ్డాడంటారు, ఇవ్వకపోతే పగబట్టాడంటారు. క్లబ్బుకు రిఫరీని ప్రశ్నించే హక్కు లేదా అంటే, తప్పకుండా ఉంది. అయితే తమకు నష్టం చేసిన తప్పులను మాత్రమే ఏరి, తమకు కలిసొచ్చిన వాటిని వదిలేస్తే దాన్ని విమర్శ అనలేం, ఒత్తిడి అనాలి.

నిప్పు లేనిదే పొగ రాదు కదా అనేవాళ్లున్నారు. నిజమే, నిప్పు కొన్నిచోట్ల ఉంది. స్పెయిన్ రిఫరీల కమిటీ ఉపాధ్యక్షుడిగా ఉన్న నెగ్రేరాకు బార్సిలోనా క్లబ్ 2001 నుంచి 2018 వరకు 70 లక్షల యూరోలకు పైగా చెల్లించింది. అది రిఫరీల మీద నివేదికలకిచ్చిన సొమ్మని క్లబ్ అంటోంది, వ్యవహారం కోర్టుకెక్కింది. ఇటలీలో 2006 నాటి రిఫరీల కుంభకోణం యువెంటస్‌ను కింది డివిజన్‌కు దించింది. ఇలాంటివాటిని చిన్నవి చేయడం నా ఉద్దేశం కాదు, నన్ను ఎక్కువగా బాధపెట్టినవి అవే. కానీ అవి ఎలా బయటపడ్డాయో చూడండి. మొదటిది పన్ను అధికారుల తనిఖీలో, రెండోది పోలీసులు విన్న ఫోన్లలో. స్లో మోషన్ రీప్లే వాటిలో దేన్నీ పట్టివ్వలేదు. పైగా ఇటలీ ఫోన్ సంభాషణల్లో యువెంటస్ అధికారి మోజ్జీ టీవీ చర్చలో రీప్లేలను ఎలా విశ్లేషించాలో సూచించడమూ వినిపించింది. రిఫరీని పట్టిస్తుందని మనం నమ్మిన తెరనే ఒక క్లబ్ తనవైపు తిప్పుకోజూసింది.

స్లో మోషన్ సంగతీ అంతే. 2018లో ప్రచురితమైన ఒక పరీక్షలో అనుభవజ్ఞులైన రిఫరీలే ఒకే ఫౌల్‌ను మామూలు వేగంలో కంటే నెమ్మదిగా చూసినప్పుడు ఎక్కువ రెడ్ కార్డులు ఇచ్చారు. కాలు నెమ్మదిగా కదిలితే కావాలనే తన్నినట్టు కనిపిస్తుంది. రాత్రంతా అదే దృశ్యం తిప్పి చూపిస్తే ఇంట్లో కూర్చున్నవాడికి రిఫరీ కళ్లున్న కబోదిలా, ఆపైన దొంగలా కనబడక ఏమవుతాడు? మీడియాకు మరో దారి లేకపోలేదు. ఇంగ్లండులో 2023 నుంచి రిఫరీల అధిపతి హోవర్డ్ వెబ్ టీవీలో కూర్చుని మైదానానికీ రీప్లేలు చూసే వీడియో గదికీ మధ్య నడిచిన మాటలు వినిపిస్తున్నారు, తప్పు జరిగినచోట తప్పని ఒప్పుకుంటున్నారు. అక్కడ అభిమానుల కోపం చల్లారిందని చెప్పను. కానీ ఆ కోపానికి ఇప్పుడు వాదించడానికి అసలు మాటలు దొరుకుతున్నాయి. స్పెయిన్‌లోనూ, నేను కూసే ప్రతిచోటా ఫైనల్ ముందు రోజు ఏరిన వీడియోల బదులు ఆ ఆడియోనే కావాలని అడుగుతున్నాను.