పొట్లానికి మొప్పలుండవు

శ్రీయుత ముఖ్య కార్యనిర్వహణాధికారి గారికి,
భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ,
కోట్లా రోడ్డు, న్యూఢిల్లీ.

విషయం: ఫ్రోజెన్ పిజ్జా సమోసాను కొని, వేయించి, తిన్న మీదట దాని పొట్లం గురించి ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల తరఫున బహిరంగ విన్నపం.

పిజ్జా సమోసా పైకి సమోసా, లోపల పిజ్జా. మైదా పొరలో బంగాళాదుంప కూరకు బదులు చీజు, మొక్కజొన్న గింజలు, క్యాప్సికం, టమాటా సాసు కూరి, మూడు మూలలుగా మడిచి, ఫ్యాక్టరీలో ఒక వాయి పైపైన వేయించి గడ్డకట్టిస్తారు. రెండో వాయి కొనుక్కున్నవాళ్ల పొయ్యి మీద. ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఓ మోస్తరు సూపర్‌మార్కెట్లలో ఐస్‌క్రీముల పెట్టె పక్కన, పచ్చిబఠానీలకీ మలబారు పరోటాలకీ మధ్య ఇది దొరుకుతోంది. తందూరీ మోమోలు, చీజు నింపిన కబాబులు దీని దాయాదులు. సాయంత్రం ఇంట్లో హాయిగా కూర్చుని తినే రెండు రకాలను ఒకే కాటుకి అందించాలన్నది వీటన్నిటి వెనక ఉన్న ఆలోచన.

రెండు వంటకాలకు పెళ్లి చేసినందుకు ఈ ప్రాంతంలో ఎవరికీ పట్టింపు లేదు. పెసరట్టులో ఉప్మా పెట్టి మడిచి, దానికి ఎమ్మెల్యే పెసరట్టని పేరు పెట్టి, అల్లప్పచ్చడితో లాగించేవాళ్లకు సమోసాలో పిజ్జా వింతేమీ కాదు. సమోసాయే పర్షియా వైపు నుంచి వచ్చింది. టమాటా, బంగాళాదుంప, మిరపకాయ అమెరికా ఖండాల నుంచి ఓడలెక్కి వచ్చాయి. ఏ వంటకం జాతకం తీసినా ఇంతే. ఇలాంటి జంటకు పన్ను ఎంతన్నది వేరే కచేరీ వ్యవహారం. మలబారు పరోటా రొట్టె కిందికి రాదని, 18 శాతం జీఎస్‌టీ కట్టాలని 2020లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ తేల్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి పరోటా మీదా పిజ్జా బ్రెడ్ మీదా పన్ను పూర్తిగా ఎత్తేశారు. పిజ్జా సమోసాలో పిజ్జా ఎంత, సమోసా ఎంత అన్న లెక్కను జీఎస్‌టీ కౌన్సిల్‌కే వదిలేసి, ఈ లేఖ చలి గురించి, పొట్లం మీది రాత గురించి మాత్రమే మాట్లాడుతుంది.

గడ్డకట్టించడమంటే ఆహారాన్ని మైనస్ 18 డిగ్రీల సెల్సియస్‌కు దించి, వండేదాకా అక్కడే ఉంచడం. ఆ చలిలో సూక్ష్మజీవులు చాలావరకు చావవు, పెరగనూ పెరగవు. అసలు కిటుకు దించే వేగంలో ఉంది. ఆహారంలోని నీరు చాలావరకు మైనస్ 1కీ మైనస్ 5కీ మధ్య మంచుగా మారుతుంది. ఆ మెట్టు మెల్లగా దిగితే మంచు పలుకులు పెద్దవై కణాల గోడలను చీలుస్తాయి. గబగబా దిగితే పలుకులు సన్నగా ఉండి, కరిగాక కూడా పదార్థం చెక్కు చెదరదు. లాబ్రడార్‌లో ఇన్యూట్‌లు పట్టిన చేపలు అక్కడి చలిగాలికి అప్పటికప్పుడు గడ్డకట్టడం, చాన్నాళ్లకు వండినా రుచి చెడకపోవడం గమనించిన క్లారెన్స్ బర్డ్సై అనే అమెరికన్ 1920లలో ఆ వేగాన్ని యంత్రంలోకి తెచ్చాడు. 1930లో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ దుకాణాల్లో అలాంటి పొట్లాలు అమ్మకానికి పెట్టారు. దుకాణాల్లో, ఇళ్లలో ఉండే ఫ్రీజర్లకు అంత వేగం లేదు. అవి గడ్డను గడ్డగా ఉంచగలవు గానీ, కరిగినదాన్ని మళ్లీ మొదటి స్థితికి తేలేవు. ఒకసారి కరిగి తిరిగి గడ్డకట్టిన సమోసాలో పొర మెత్తబడుతుంది, కూర నీరు వదులుతుంది, ఆ మధ్య కాలంలో సూక్ష్మజీవులు తమ పని తాము చేసుకుపోతాయి.

ఈ సంగతి కొల్లేటి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆకివీడు, కైకలూరు, మండవల్లి నుంచి బొచ్చె, శీలావతి చేపలు ఐసు ముక్కల మధ్య లారీలెక్కి కలకత్తాకీ అస్సాముకీ పోతుంటాయి. 2009లో వనామీ రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లు పెరిగాయి. అక్కడ రొయ్యను దేనికది విడిగా గడ్డకట్టించి, ఉష్ణోగ్రతను నమోదుచేసే పరికరాలున్న కంటైనర్లలో సముద్రం దాటిస్తారు. దారిలో చలి తగ్గిందో లేదో అమెరికాలో దింపుకునే వ్యాపారి లెక్క చూసి తేల్చుకోగలడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెరిగినప్పుడు, ఇక్కడి రొయ్య ఇక్కడివాళ్లే తినాలన్న మాట గట్టిగా వినబడింది. ఆ మాట నిజమయ్యే రోజున రొయ్య కూడా సమోసా పక్కన ఇదే ఫ్రీజరు పెట్టెలోకి వస్తుంది, చలి లెక్క చీటీ లేకుండా.

ఇంత ఐసు మధ్య బతికే మనిషి తన ఇంటికి మాత్రం ఐసు చేప తీసుకెళ్లడు. ఏలూరు చేపల మార్కెట్టులో కొనేవాళ్లు మొదట మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటే బేరం మొదలవుతుంది. రంగు తిరిగి ఉంటే పక్క తట్ట దగ్గరికి నడుస్తారు. తర్వాత వేలితో వీపు నొక్కుతారు, పడ్డ గుంట వెంటనే పైకి లేవాలి. "ఐసుదా?" అన్న ఒక్క ప్రశ్నకు అమ్మే ఆవిడ పిల్లల మీద ఒట్టు పెట్టడానికి కూడా సిద్ధం. సమోసా పొట్లానికి మొప్పలుండవు. ఫ్యాక్టరీ నుంచి డిపోకి, డిపో నుంచి ఆటోలో దుకాణానికి చేరేలోగా అది ఎన్నిసార్లు కరిగిందో చూపించే ఆనవాలు పైన ఏదీ లేదు. ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోవడం, కవరు లోపల పొడిమంచు పేరుకోవడం అనుమానించదగ్గ గుర్తులే. రంగుల కవరులోంచి అవి కనిపించవు, చేత్తో తడిమి తెలుసుకోవాలి. పెట్టె ముందు నిలబడి ఒక్కో పొట్లం తడిమేవాళ్ల వెనక కాసేపటికి సెక్యూరిటీ మనిషి కూడా నిలబడతాడు.

చలి తప్పిపోవడానికి దారులు చాలానే ఉన్నాయి. వేసవి మధ్యాహ్నం ఏ ఐస్‌క్రీము కావాలో పిల్లలు తేల్చుకునేదాకా పెట్టె గాజు మూత తెరిచే ఉంటుంది. రాత్రి షట్టరు దించుతూ మెయిన్ ఆఫ్ చేసే దుకాణాలూ లేకపోలేదు. అవి ఏవన్నది ఇక్కడ అప్రస్తుతం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటి లంక గ్రామాల్లోకి నీరొచ్చినప్పుడు, 2025 అక్టోబరు చివర మొంథా తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు, కరెంటు ఎప్పుడొస్తుందన్నది దేవుడి మీద భారమే. నిండుగా ఉన్న ఫ్రీజరు మూత తీయకుండా ఉంచితే సుమారు రెండు రోజులు, సగమే నిండితే ఒక రోజు చలి నిలుపుకుంటుంది. ఆ తర్వాత ఎప్పటికో కరెంటు వస్తుంది, పొట్లం మళ్లీ రాయవుతుంది, దాని మీది గడువు తేదీ మాత్రం మారదు.

ఇక రాత సంగతి. సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనలు మంచివే, చదవగలిగినవాళ్లకు. దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. పేరుతోనో బొమ్మతోనో ఊరించిన దినుసు ఎంత శాతం ఉందో చెప్పాలి. శాకాహారమైతే ఆకుపచ్చ చుక్క, మాంసాహారమైతే గోధుమరంగు త్రికోణం వేయాలి. రోజుకు 2,000 మిల్లీగ్రాముల సోడియం, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు అన్న లెక్కలో ఒక వడ్డన వాటా ఎంతో చూపాలి. ఇదంతా ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉంటే చాలు. వేరే భాష కావాలంటే అదనంగా వేసుకోవచ్చు. వేసుకోవచ్చు అన్నదానికి కంపెనీలు సిరా ఖర్చు పెట్టవు. పరీక్షకు తెచ్చిన పొట్లం మీద తెలుగు అక్షరం ఒక్కటి లేదు. కవరు సగం సాగుతున్న చీజు బొమ్మ; దినుసుల వరసలో మొదట మైదా, చాలా కిందికి దిగితే గానీ చీజు వంతు రాలేదు. ఉల్లిపాయ అన్న చోట ఎండబెట్టిన ఉల్లి పొడి ఉంది. ఉల్లి లారీలు బారులు తీరే తాడేపల్లిగూడెంలో ఉల్లి పొడి అమ్మగలగడం వ్యాపార నైపుణ్యమే. నూనె అన్న చోట పామోలిన్ ఉంది, అందులో చిన్నతనమేమీ లేదు. ఏలూరు పక్కన పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ 1995 నుంచి పనిచేస్తోంది. తాడేపల్లిగూడెంలో 1960లో మొదలైన నూనెల ఫ్యాక్టరీ ఉంది. గెలలు కోసి ట్రాక్టరుకెత్తే రైతుకు ఆ నూనె పేరు పొట్లం మీద తన భాషలో చదువుకునే వీలు మాత్రం లేదు.

చదవలేకపోవడం వల్ల నష్టం ఏమిటన్నది ఏలూరులో ఒక వంటింట్లో తేలింది. కవరు వెనక మూడు పద్ధతులు రాసి ఉన్నాయి: ఓవెన్, ఎయిర్ ఫ్రయ్యర్, నూనెలో వేయించడం. మొదటి రెండూ లేని ఇంట్లో మూకుడే దిక్కు. కరిగించకుండా నేరుగా నూనెలో వేయాలన్న ముక్క అన్నిటికంటే ముఖ్యమైనది, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉన్నదీ అదే. వంట చేసే పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. చేపైనా మాంసమైనా ఐసు విడిచాకే వండాలన్నది ఆవిడకు తెలిసిన పద్ధతి. సమోసాలు అరగంట పళ్లెంలో కూర్చున్నాయి. పొర చెమర్చి పళ్లేనికి అంటుకుంది, తీయబోతే అడుగు చిరిగింది. నూనెలో పడగానే చిరుగులోంచి చీజు బయటికొచ్చి, తడికి నూనె చిటపటమంటూ పొయ్యి చుట్టూ చిమ్మింది. రెండో వాయికి మనవరాలు కవరు చదివి చెప్పింది: గడ్డగా ఉన్నవే వేయాలి, ఒక్కసారికి నాలుగే, మధ్యస్తంగా సెగ. ఎక్కువ వేస్తే నూనె చల్లారి పొర నూనె పీలుస్తుంది. మంట పెంచితే పైన మాడి లోపల ఐసు మిగులుతుంది. ఆ వాయి శుభ్రంగా వచ్చింది.

రుచి గురించి న్యాయంగానే చెప్పాలి. మూలలు బాగా కరకరలాడాయి. సాసు తీపి. పులుపూ కారమూ లేని టమాటా ఈ జిల్లాలకు అలవాటు లేదు. చీజు వేడి మీద సాగింది, చల్లారాక బిగిసింది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని పెద్దావిడ "వామేశారా?" అని అడిగింది. వేసింది ఒరెగానో. ఆవిడ ముక్కుకి రసాయనశాస్త్రం వత్తాసు పలుకుతుంది: వాములో ఉండే థైమాల్, ఒరెగానోలో ఉండే కార్వక్రోల్ ఒకే అణుసూత్రం కలిగి, అమరికలో మాత్రమే తేడా ఉన్న పదార్థాలు. పిల్లలు కెచప్‌తో తిన్నారు, మిగతావాళ్లు ఆవకాయ గుజ్జుతో. రెండోదే బాగా కుదిరింది. పునుగులూ బజ్జీలూ వేడివేడిగా దొరికే ఊళ్లో దీనికోసం పరుగెత్తనక్కర్లేదు గానీ, ముసురు పట్టి వీధి చివరి బండి రాని సాయంత్రాలకు ఇంట్లో ఒక పొట్లం ఉండొచ్చునని ఆ ఇంటి తీర్పు.

అలా ఉండాలంటే సంస్థ చేయాల్సిన పని కొంత ఉంది. లేబులింగ్ నిబంధనలో "వేసుకోవచ్చు" అన్న చోట, సరుకు అమ్మే రాష్ట్రపు భాష తప్పనిసరి అని మార్చాలి. రాసిందంతా తిరగరాయనక్కర్లేదు. దినుసులు, వండే పద్ధతి, ఎంత చలిలో ఉంచాలి, కరిగితే తిరిగి గడ్డకట్టించరాదన్న హెచ్చరిక తెలుగులో ఉంటే చాలు. చోటు లేదనే కంపెనీ చీజు బొమ్మను అంగుళం తగ్గించుకోవచ్చు.

మొప్ప సంగతి ఇంతకంటే ముఖ్యం. దాన్ని కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. పోలియో చుక్కల సీసాల మీద 1996 నుంచి ఒక గుర్తు వస్తోంది: ముదురు వలయం మధ్య లేత రంగు చదరం. వేడి తగిలిన కొద్దీ చదరం ముదురుతుంది, ఒకసారి ముదిరితే వెనక్కి తిరగదు. అది వలయం రంగుకు వచ్చిందంటే ఆ మందు వాడకూడదు. చుక్కలు వేయడానికి ఐసు పెట్టెతో ఇల్లిల్లూ తిరిగే ఏఎన్ఎంలకు, ఆశా కార్యకర్తలకు ఈ గుర్తు చూడడం ఎంత పాత పనో సంస్థకు ఆరోగ్యశాఖ చెప్పగలదు. ఆహార పొట్లాలకు ఇదే సూత్రంతో పనిచేసే సూచికలు ప్రపంచంలో తయారవుతున్నాయి. ధర పెరుగుతుందన్న అభ్యంతరం ఎలాగూ వస్తుంది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. పొట్లానికొకటి భారమైతే డిపో నుంచి దిగే అట్టపెట్టెకొకటి అతికించినా, లోపల ఎన్ని డిగ్రీలుందో బయటికి కనిపించే మీటరు ప్రతి ఫ్రీజరుకూ పెట్టించినా, కొనేవాళ్లకు తడమాల్సిన పని తప్పుతుంది. నమూనాలు సేకరించడానికి దుకాణాలకు వచ్చే అధికారులు సంచీలో ఒక థర్మామీటరు కూడా వేసుకురావచ్చు.

ఇలా అడగడంలో అతి ఏమైనా కనిపిస్తే, 2020 డిసెంబరును గుర్తుచేయక తప్పదు. ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో ఆసుపత్రి పాలైతే నీళ్లూ పాలూ కూరగాయలూ అన్నీ పరీక్షలకు వెళ్లాయి. రోగుల రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. అప్పటి నుంచి నోట్లోకి వెళ్లేదాని గురించి ఈ ఊరు కాస్త ఎక్కువ ప్రశ్నలే వేస్తోంది.

ఇట్లు,
ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి గ్రామాల ఫ్రోజెన్ సరుకుల వినియోగదారులు.

జతపరచినవి: కొనుగోలు రసీదు, కడిగి ఆరబెట్టిన ఖాళీ పొట్లం. తపాలాలో మైనస్ 18 డిగ్రీలు నిలవవు గనక సమోసా జతపరచలేదు.