మట్టి ఖర్చులు

"అంకుల్, మీ మట్టి చచ్చిపోయింది."

కుండీలో వేలు పెట్టి చూసి నర్సరీ కుర్రాడు ఈ మాట అనేసరికి నేను చెప్పులు విప్పబోయాను. చావు కబురు మోసుకొచ్చినవాడికి ఉండాల్సిన గాంభీర్యమంతా వాడి ముఖంలో ఉంది. ఎప్పుడు పోయింది బాబూ అని అడిగాను. "ఆరు నెలలు దాటితే ఏ మట్టయినా అంతే అంకుల్. పారేసి కొత్త పాటింగ్ మిక్స్ వేసుకోండి. పన్నెండు బస్తాలు పడతాయి. మేడ మీదికి మోయించే పూచీ మాది" అన్నాడు. శవాన్ని కిందికి దించే పూచీ ఎవరిదో మాత్రం చెప్పలేదు.

మట్టి ఖర్చులంటే ఒకప్పుడు మనిషి పోతే అయ్యేవి. ఇప్పుడు మట్టి పోయినా అవుతున్నాయి. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఏటా వానలకు ముందు ఈ కర్మకాండ చూడొచ్చు. వాచ్‌మన్ పాత మట్టిని సంచులకెత్తి, నాలుగంతస్తులు దించి, చెత్త ఆటో ముందు పెడతాడు. తడి చెత్తా పొడి చెత్తా అని ఆటో అతను నిలదీస్తాడు. నిన్న నీళ్లు పోసిన కుండీది తడి, మొన్న మరిచిపోయిన కుండీది పొడి. చేతిలో వంద పడ్డాక ఆ ధర్మసందేహం తీరిపోయి, సంచులు ఏ ఖాళీ ప్లాటుకో చేరతాయి. డిసెంబరు 5న ప్రపంచ నేలల దినోత్సవమంటూ వాట్సాప్ స్టేటస్‌లో దోసిట మట్టి ఫొటో పెట్టేదీ ఈ ఇళ్లవాళ్లే.

ఆరు నెలలకే మట్టి చచ్చేట్టయితే గోదావరి డెల్టా మొత్తానికి ఈపాటికి ఎన్ని దినాలు పెట్టి ఉండాలి! ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. అప్పట్నుంచీ ఆ కాలవల కింద అదే మట్టిలో వరి పండుతోంది. "మీ పొలం ఎక్స్‌పైర్ అయిపోయింది బాబాయ్, బస్తాలు దింపమంటావా" అని అక్కడి రైతుతో ఓసారి అని చూడమనండి. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక రైతులు ట్రాక్టర్లు కట్టుకెళ్లి చెరువుల పూడిక మట్టిని పొలాలకు తోలుకున్నారు. ఏళ్ల తరబడి నీళ్ల అడుగున పడున్న మట్టి అది. ఎక్స్‌పైరీ డేటు ఎక్కడుందో వాళ్లెవరూ వెతుక్కోలేదు.

ఇంతకీ బస్తాలో ఏముంటుంది? చాలావాటిలో సగానికి పైగా కొబ్బరి పొట్టే. పీచు తీశాక మిగిలే పొట్టుని ఇటుకల్లా అదిమి కోకోపీట్ అని పేరు పెడతారు. అయిదు కిలోల ఇటుకని నానబెడితే డెబ్బై లీటర్ల దాకా పొంగుతుంది. నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, వేళ్లకి గాలి ఆడనిస్తుంది. అంతవరకు దాని గొప్ప ఒప్పుకుంటాను. మొక్కకి తిండి పెట్టే శక్తి మాత్రం అందులో లేనట్టే లెక్క. తిండంతా అందులో కలిపిన కాసిని వానపాముల ఎరువుది. ఒక పంట తీసేసరికి అయిపోయేది ఆ తిండి. అన్నం అయిపోయిందని కంచం పారేసుకుంటామా?

అలాగని మట్టి తల్లిలాంటిది, దాని మానాన దాన్ని వదిలేస్తే చాలు అనే రెండో భక్తబృందాన్ని వెనకేసుకు రాలేను. నిన్నమొన్నటి దాకా నేనూ అందులో సభ్యుణ్ణే. ఒకే తొట్టిలో వరసగా మూడుసార్లు టమాటా వేశాను. మూడోసారి మొక్కలు పొద్దున కళకళలాడుతూ, మధ్యాహ్నానికి తల వేలాడేసేవి. పీకి చూస్తే వేళ్ల నిండా బుడిపెలు, రుద్రాక్షమాల వేసుకున్నట్టు. నులిపురుగులు. టమాటా, వంగ, మిరప ముగ్గురూ దాయాదులే కాబట్టి, ఒకరి రోగం మట్టిలో ఉండి ఇంకొకరికి అంటుకుంటుంది. వాటి తర్వాత ఆ తొట్టిలో ఆ దాయాదుల్లో చేరని మొక్కేదైనా వేయాలన్న ఇంగితం నాకు లేకపోయింది. తప్పు నాది, మట్టిది కాదు.

నా బుడిపెల కథ విని ఎదురింటి వదినగారు హడలిపోయి తన అలసంద మొక్క పీకి చూశారట. వేళ్లకి బుడిపెలు! నాలుగు కుండీల మట్టీ సాయంత్రానికల్లా ఆటో ఎక్కేసింది. అలసంద, చిక్కుడు వేళ్ల మీద ఉండేవి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే బొడిపెలు. గోటితో గీరితే ఊడి వస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగు బుడిపె అలా ఊడదు, వేరే ఉబ్బి ఉంటుంది. ఆవిడ పారేసింది ఆ మేడ మొత్తమ్మీద అన్నిటికన్నా మంచి మట్టి. ఈ సంగతి ఆవిడకి చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

రోగం తగిలిన మట్టికి వైద్యం ఏమిటంటారా? మనమంతా తిట్టుకుంటూ ఊరికే భరించే మే నెల ఎండ. మట్టి తడిపి, పైన ప్లాస్టిక్ పట్టా పరిచి ఎండకి ఉడికించే పద్ధతి మీద ఇజ్రాయెల్‌లో యాకోవ్ కటాన్, ఆయన సహచరులు 1976లో పరిశోధనపత్రం అచ్చువేశారు. మేడ మీద జానెడు మందాన మట్టి పరిచి, బాగా తడిపి, పారదర్శకంగా ఉండే పట్టాని అంచులు మూసేలా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయాలి. నల్ల పట్టా వద్దు, ఎండ లోపలికి దిగదు. పొడి మట్టయితే వేడి అడుక్కి పాకదు. కుండీ అంచున తెల్లగా పేరుకునేది బోరు నీళ్ల ఉప్పు. అడుగు బెజ్జంలోంచి ధారగా కారేదాకా మంచినీళ్లు పోస్తే చాలావరకు పోతుంది. ఆ పూట కూడా దానికి అంత్యక్రియలు అక్కర్లేదు.

ఎండకి ఉడికిన మట్టిలో చెడ్డవాటితోపాటు మంచి జీవులూ కొన్ని పోతాయి. తొమ్మిది కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి, రెండు వందల గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (మట్టికి మేలు చేసే శిలీంధ్రం) కలిపి, నీడన వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచి మట్టిలో కలుపుకోవాలి. వ్యవసాయ శాఖ రైతులకి చెప్పే పాళ్లే ఇవి, నేను పదో వంతుకి కుదించానంతే. వడలు తెగులుతో కుప్పకూలిన మొక్క తాలూకు మట్టిని మాత్రం ఎంత వైద్యం చేసినా టమాటా కుటుంబానికి మళ్లీ చూపించకండి.

పాత మట్టిని తిరగేసేముందు కాస్త తడపండి, దుమ్ము ముక్కులోకి పోకుండా. కొత్త బస్తాకీ అదే జాగ్రత్త. ఆస్ట్రేలియాలో పాటింగ్ మిక్స్ బస్తాల మీద లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా గురించి హెచ్చరిక అచ్చువేసి మరీ అమ్ముతారు. శుభ్రంగా ఉంటుందని కదా కొత్తది కొంటున్నాం!

ఇంత చెప్పినా పారేసే తీరతాం అనేవాళ్లకి ఒక మనవి. ఆ సంచులు చెత్త ఆటోకి ఇవ్వకండి, మా మేడ మీదికి పంపండి. మోత కూలి నేనే ఇచ్చుకుంటాను. లిఫ్టులో మాత్రం రాత్రి పది దాటాక తీసుకురండి, మా సొసైటీ సెక్రటరీ గారు పడుకున్నాక.